కింది రీడింగ్

దిగిన 58వ రోజు

ఒకటో లెవల్: పైన 20.8, కింద 20.8. రెండో లెవల్: పైన 20.7, కింద 20.7. మూడో లెవల్: పైన 20.6, కింద 20.6. ఫ్యాన్లు రెండూ తిరుగుతున్నాయి. నిన్న మధ్యాహ్నం బయట ఎండ యాభై మూడు డిగ్రీలు.

ఈ పుస్తకంలో అంకెలు తప్ప మరేమీ రాయకూడదని మొదటి పేజీలోనే ఉంది. రాస్తే ఎవరు చూడొచ్చారు? సంఘం వాళ్లు దీన్ని తెరిచి రెండేళ్లయింది. అంకెలు పోను మిగిలిన జాగా నాది.

ఉగాది వెళ్లిన వారానికి మేం నాలుగు వందల మందిమి ఈ పాత బొగ్గుబాయిలోకి దిగుతాం. వానలు కుదురుకునే దాకా పగలంతా ఇక్కడే నిద్ర. పొద్దు కుంకాక పైకి ఎక్కి చేలల్లో పని, తెల్లవారుతుండగా మళ్లీ కిందికి. ఒకప్పుడు మా తాతలు ఇక్కడ బొగ్గు తవ్వుతూ గాలాడక చచ్చారు. ఇప్పుడు పైన గాలి కాగిపోయి మేం వాళ్లు తవ్విన బొందల్లో కాపురం పెట్టాం. ఇక్కడ గాలి చూడటం నా పని. ప్రతి లెవల్లో మీటరు రెండు చోట్ల పెట్టాలి. నిలబడి మొహం దగ్గర ఒకసారి, వంగి నేల మీద ఒకసారి. ఆక్సిజన్ పంతొమ్మిదిన్నరకు దిగితే సైరన్ మోగించి జనాన్ని లేపాలి.

పొద్దున అందరూ తిండికి కూర్చున్నప్పుడు వంటసాల మైకులో నేను 'గాలి కబురు' చదువుతాను. అంకెలకు ఒక నిమిషం. తర్వాతి నాలుగు నిమిషాలు నా సొంతం. జనం ఎండిన చేతులతో కంచాల ముందు కూర్చుండిపోయేది ఆ నాలుగు నిమిషాల కోసమే. పోయినేడు భూమయ్య అనే ఒక పెద్దమనిషి రాగి తాయెత్తు కట్టుకుంటే ఊపిరి నిలుస్తుందని ఇంటింటికీ తిరిగి అమ్మాడు. కట్టుకున్నవాళ్లు గాలి ముసుగులు తొడుక్కోవడం నేర్చుకోవడానికి రావడమే మానేశారు. నేను వంటసాలలో ఒక దీపం వెలిగించి, దానికి తాయెత్తు కట్టి, మీద గాజు సీసా బోర్లించాను. దీపం కొండెక్కింది. "దీపానికి భక్తి సాలలేదు, ఇంకో తాయెత్తు కట్టున్రి" అని భూమయ్య గొంతుతోనే మైకులో అన్నాను. నాలుగు వందల మంది కడుపు పట్టుకుని నవ్వారు. వారం తిరక్కుండా భూమయ్య మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయాడు. అదే నేను అమ్మా అయ్యా అని బతిమాలుకుంటూ చెప్పి ఉంటే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉండేది.

ఇప్పుడు కొత్త గోల మొదలైంది. మూడో లెవల్ చివర ఇటుకలతో మూసేసిన గోడ ఒకటి ఉంది. దాని అవతల తాతలు తవ్వి వదిలేసిన గుల్ల. ఆ గోడ పక్కన నేలబారు గూట్లో కొమురవ్వ బాయితల్లికి దీపం పెడుతుంది. డెబ్బై దాటిన మనిషి. నూనె ఉండగానే దీపం తనంతట తాను సన్నబడుతోందట, తల్లి అలిగిందట. అది విని ఇంకో పది గదులవాళ్లు నేల గూళ్లలో దీపాలు పెట్టారు. పదకొండు దీపాలు పగలంతా మనం పీల్చే గాలిని తాగుతుంటే నేను అంకెలు రాసుకుంటూ కూర్చోవాలా? రేపు మైకులో చెప్తాను వీళ్ల సంగతి.

దిగిన 59వ రోజు

ఒకటి: 20.8, 20.8. రెండు: 20.7, 20.7. మూడు: 20.6, 20.6.

ఇవాళ్టి కబురు అదిరింది. ముందు కొమురవ్వ గొంతు పెట్టాను. "ఓ బాయితల్లీ, గింత అలుగుడేందే? పల్లినూనె వోయాల్నా, నువ్వులనూనె వోయాల్నా?" తర్వాత తల్లి గొంతు. "నూనె గాదే కొమురీ, ముందు ఒత్తి మార్వు. ఐదొద్దుల సంది గా కంపుకు ముక్కు మూసుకొని కూసున్న!" జనం ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. వంట చేసే ఆడవాళ్లయితే గరిటెలు కింద పెట్టేశారు.

కొమురవ్వ ముందు వరసలోనే ఉంది. కొంగుతో మూతి తుడుచుకుని, సగం తిన్న కంచం పక్కకు జరిపి లేచింది. "నవ్విన నాపచేనే పండుతది బిడ్డా" అని వెళ్లిపోయింది. దానికీ నవ్వారు.

మైకు కట్టేసి వస్తుంటే ఓదెలన్న పిలిచాడు. నాకు ఈ పని నేర్పింది ఆయనే. ఇరవయ్యేళ్లు గాలి చూశాడు. మోకాళ్లు అరిగిపోయాక వంటసాలలో ఉల్లిగడ్డలు కోస్తున్నాడు.

"భూమయ్య మీద నవ్వినవ్, మంచిగ జేసినవ్" అన్నాడు. "వాడు అమ్మెటోడు. అవ్వ ఏమన్న అమ్ముతాందా?"

"అబద్ధం ఎవలు జెప్పినా అబద్ధమే గదనే."

"దీపం సన్నగైతాందన్నది. అయితాందా, లేదా? పోయి సూసినవా?"

"ఒత్తికి మసి వట్టి ఉంటది. గా ముసలామె ఒత్తి సూడ నేను పోవాల్నా?"

"నేనైతే పోదును. ముందుగాల ఏం జూసిన్రో అడుగుత. ఏం నమ్ముతాన్రో తర్వాత సంగతి."

ఓదెలన్న పద్ధతే అంత. ఆయన కాలంలో ప్రతి గదిలో చాప మీద కూర్చుని, చాయ తాగి, పిల్లల దగ్గు దగ్గర్నుంచి కోడిపెట్ట గుడ్ల దాకా అడిగి మరీ మీటరు తీసేవాడు. మూడు లెవళ్లు తిరిగేసరికి జనం సగం నిద్ర అయిపోయేది. నేను నలభై నిమిషాల్లో తిరిగొస్తాను.

మా అక్క స్వరూప కూడా వంటసాల బయట నా కోసం ఆగింది. మూడో లెవల్ ఎనిమిదో గది వాళ్లది. మా బావ రాజేశం పగటిపూట ఫ్యాన్ల దగ్గర డ్యూటీ చేస్తాడు. వాళ్ల పాపకు తొమ్మిదో నెల. పాపను నా చేతుల్లో పెట్టి, "నవ్వొచ్చింది గని చెల్లె, అవ్వను పేరు వెట్టి అనకుంటె బాగుండు" అంది.

"పేరు వెట్టకుంటె నవ్వెట్ల వత్తదే?"

"నీ నోరుకు భయపడాలె తల్లీ" అని నవ్వింది. అక్క నవ్వితే పాపా నవ్వింది.

దిగిన 66వ రోజు

ఒకటి: 20.8, 20.8. రెండు: 20.7, 20.7. మూడు: 20.5, 20.5.

మూడో లెవల్లో ఇప్పుడు ఒక్క దీపం లేదు. ఎవరూ ఆర్పమని చెప్పలేదు. పక్క గదివాళ్లు "ఏందే, మీ తల్లి ఒత్తి మార్చిన్రా?" అంటుంటే సిగ్గుపడి వాళ్లే తీసేశారు. చివరికి కొమురవ్వ ప్రమిదను కూడా ఎవరో తీసేశారు. "దీపం లేని కాడ నేను పండ" అని ఆమె చాప చంకన పెట్టుకుని ఒకటో లెవల్ మెట్ల దగ్గరికి వెళ్లి పడుకుంటోంది. పదకొండు దీపాలు వారంలో బంద్. సంఘం పెద్ద లింగమూర్తి నన్ను మెచ్చుకుని ఒక కొత్త టార్చి ఇచ్చాడు.

ఒక సంగతి ఇక్కడ రాసి పెట్టుకుంటాను, కడుపులో ఉంచుకోవడం ఎందుకు. మూడో లెవల్లో కింది రీడింగ్ నేను నెల రోజులుగా తీయడం లేదు. కింది చోటు సరిగ్గా ఆ గూటి ముందు పడింది. నెల కిందట నేను మీటరు పట్టుకుని అక్కడ వంగేసరికి నర్సింగం అనేవాడు గట్టిగా అరిచాడు. "అరే సూడున్రి, సుగుణక్క గూడ తల్లికి మొక్కుతాంది!" ఆ వరసంతా పగలబడి నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. మైకులో అందరినీ ఆటపట్టించే మనిషిని, నేనే గూటి ముందు సాగిలపడ్డట్టు రోజూ కనిపిస్తే ఇక నా మాట ఎవరు ఖాతరు చేస్తారు? అప్పటి నుంచి నిలబడి చూసిన అంకెనే కింది గడిలో కూడా వేస్తున్నాను. తీసినన్నాళ్లూ రెండింటికీ పదో వంతు కూడా తేడా రాలేదు. ఇప్పుడు దీపం లేకపోయినా గూడు అక్కడే ఉంది, నర్సింగం కూడా అక్కడే ఉన్నాడు.

దిగిన 79వ రోజు

ఒకటి: 20.7, 20.7. రెండు: 20.6, 20.6. మూడు: 20.4, 20.4.

పైన మొదటి ముసురు పట్టింది. రాత్రి చేలో పని చేస్తుంటే మొహం మీద నాలుగు చినుకులు పడ్డాయి, పిల్లల్లా గంతులేశాం. గాలి ఒత్తిడి చూపే బారోమీటరు ముల్లు బాగా దిగింది.

ఓదెలన్న మళ్లీ ఉల్లిగడ్డల మధ్య నుంచి కేకేశాడు. "సుగుణా, అవ్వ దీపం ఎప్పుడెప్పుడు సన్నగయ్యిందో యాదున్నదా? మబ్బు వట్టిన దినాలేనా?"

"నాకేం దెల్సు?"

"అడుగరాదు ఒక్కసారి. పైన ఒత్తిడి తగ్గితె మూసిన గోడ ఎనుక గాలి ఇటు గుంజుకొస్తదని మా పెద్దోళ్లు అనెటోళ్లు. అది బరువు గాలి. నేలవట్టుకొని పాకుతది."

"మీటరు ఇరవై పైన సూపుతాంది అన్నా. ఇగ దీపంతోని ఏం పని?"

"కింద వెట్టి సూసినవా?" అన్నాడు. సూసిన అన్నాను. అంత సులువుగా వచ్చింది ఆ మాట.

మంచి విషయం ఏమిటంటే, రెండు వారాలుగా ఫిర్యాదుల పుస్తకంలో ఒక్క వరస లేదు. ఇదివరకు గోడ మూలిగింది, కల్లో తల్లి కనబడింది, నీళ్లు చేదయ్యాయి అని రోజుకు నాలుగు రాసేవారు. జనానికి బుద్ధి వస్తోంది. మైకు పుణ్యమే అనుకుంటున్నాను.

దిగిన 88వ రోజు

ఒకటి: 20.6, 20.6. రెండు: 20.4, 20.4. మూడు: 20.1, 20.1.

పై వరస పొద్దున రాసింది. కింది వరసలు రాత్రికి రాస్తున్నాను. పైకి ఎవరూ పనికి వెళ్లలేదు.

నాలుగు రోజులుగా పైన ఎడతెగని వాన. మధ్యాహ్నం మూడింటికి మా బావ నీళ్లు తాగడానికి ఫ్యాన్ల దగ్గర్నుంచి గదికి వెళ్లాడు. అక్క చాప మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది. లేపుదామని వంగితే ఆయనకు కళ్లు తిరిగాయి. లేచి నిలబడి, ఉయ్యాల తొట్టెలో ఉన్న పాపను ఎత్తుకుని పరుగెత్తాడు. సైరన్ ఆయనే మోగించాడు. మేం గాలి ముసుగులు వేసుకుని దిగేసరికి మూడో లెవల్లో తొమ్మిది మంది చనిపోయి ఉన్నారు.

అప్పుడు వంగి నేల మీద మీటరు పెట్టాను. 9.4. నడుము ఎత్తులో 17.8. మొహం దగ్గర 19.6.

మా అక్క వాళ్లలో ఒకతి. పాప బతికింది.

దిగిన 89వ రోజు

ఒకటి: 20.6, 20.5. రెండు: 20.3, 19.7. మూడో లెవల్ ఖాళీ. పైన 19.4, కింద 10.2.

వానలోనే తొమ్మిది గుంతలు తవ్వారు. మట్టి వేస్తుంటే నీళ్లు నిండుతున్నాయి. నేను అక్క కాళ్ల వైపు నిలబడ్డాను. తల వైపు నిలబడే మొహం నాకు లేదు.

తిరిగి వచ్చాక గదులన్నీ చూశాను. చాపల మీద పడుకున్నవాళ్లు తొమ్మిది మందీ పోయారు. మంచాల మీద పడుకున్నవాళ్లకు వాంతులు, తలనొప్పి, అంతే. ఉయ్యాలల్లోని ముగ్గురు పిల్లలు బాగున్నారు. ఇందులో చిక్కుముడి ఏమీ లేదు. ఓదెలన్న చెప్పిన బరువు గాలి గోడ సందుల్లోంచి వచ్చి నేల మీద చెరువులా నిండింది. పొద్దున నేను వంగి చూసి ఉంటే కింద పదిహేడో పదహారో వచ్చేది. సైరన్ కొట్టేదాన్ని. అందరూ పైకి వచ్చి, నన్ను తిట్టుకుంటూ మెట్ల మీద నిద్రపోయేవారు.

సాయంత్రం మైకులో చెప్పాను. గొంతులు పెట్టలేదు. కింది గడిలో నెల పదిహేను రోజులకు పైగా దొంగ అంకె వేశానని, ఎందుకు వేశానో కూడా చెప్పాను. ఎవరూ అరవలేదు. తిడతారనుకునే వెళ్లాను.

ఆ తర్వాత చెప్పాల్సింది ఇంకా మిగిలింది. మూసిన గోడ రెండో లెవల్ వెనక కూడా ఉంది. రేడియో ప్రకారం మూడు రోజుల్లో ఇంకో వాయుగుండం వస్తోంది. మూడో లెవల్ నుంచి వచ్చి చేరినవాళ్లతో కలిపి రెండో లెవల్లో నూట ఎనభై మంది ఉన్నారు. వాన తెరిపిస్తే పైన ఎండ మళ్లీ కాల్చేస్తుంది, కాబట్టి వాళ్లంతా ఖాళీ చేసి మొదటి లెవల్లో, మెట్ల మీద సర్దుకోవాలి అన్నాను.

నర్సింగం లేచి నిలబడ్డాడు. అతని తమ్ముడు పోయినవాళ్లలో ఉన్నాడు. "నీ మీటరు ఇరవై అన్న దినమే మావోళ్లు సచ్చిన్రు. ఇప్పుడు అదే మీటరు వట్టుకొని మమ్ములను లేవగొడతవా? దీపాలు దీయించినవ్, తల్లి కోపానికొచ్చింది. మేం దీపాలు వెట్టుకొని ఆడనే ఉంటం."

అందరూ తలలూపారు. ఒక్కరు కూడా నా మాట వినలేదు, వినమని అడిగే హక్కు నాకు మాత్రం ఎక్కడుంది?

దిగిన 90వ రోజు

ఒకటి: 20.6, 20.6. రెండు: 20.4, 19.9.

పొద్దున్నే కొమురవ్వ దగ్గరికి వెళ్లాను. మెట్ల దగ్గర చాప మీద కూర్చుని ఉంది. నేను కింద కూర్చున్నాను.

"అక్కను దిన్నవు గదనే" అంది.

ఔనన్నాను.

"నీ అసుంటి నోరు పగోళ్లకు గూడ వద్దు. ముసల్దాన్ని, సావు దగ్గరవడ్డదాన్ని, నలుగుట్ల నన్ను కోతిని జేసినవ్. దీపం లేని కాడ పండొద్దు, నాతోని రాండ్రే అని స్వరూపకు జెప్పిన, నర్సింగం తమ్మునికి జెప్పిన. ఎవ్వలు రాలె. వస్తె సుగుణ నవ్వుతదన్నరు."

ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆమె నన్ను ఓదార్చలేదు, నేనూ ఓదార్చమని వెళ్లలేదు. ఏడుపు అయిపోయాక ఓదెలన్న చెప్పిన మాట అడిగాను. నెల రోజులు ఆలస్యంగా అడిగాను.

"అవ్వా, దీపం సన్నగైన దినాలు యాదున్నయా?"

"ఎందుకు? మైకుల జెప్తందుకా?"

"పుస్తకంల రాసుకుంట."

వేళ్లు మడిచి చెప్పింది. బోనాల మొక్కు మొక్కుకున్న రోజు, గొర్రె ఈనిన రోజు, మనవడికి జ్వరం వచ్చిన రోజు, ఇలా ఏడు రోజులు. బారోమీటరు పుస్తకం తెచ్చి పక్కన పెట్టి చూశాను. ఏడుకు ఏడు రోజులూ ముల్లు దిగిన రోజులే. నా మీటరు ఒక్కసారి కూడా చెప్పని సంగతి ఆమె ప్రమిద ఏడుసార్లు చెప్పింది.

"తల్లి అలిగిందన్న నేను. అబద్ధమా?" అంది.

గొంతు దాకా వచ్చింది జవాబు. తల్లీ లేదు, అలకా లేదు, అది కుళ్లిన గాలి. ఆ మాట అనడం నాకు బాగా వచ్చిన పని. "తల్లి సంగతి నాకు తెల్వదవ్వా. దీపం సన్నగైందన్నది మాత్రం నిజం. ఆనాడే నేనొచ్చి సూడాలె, సూడలె. నాతోని రెండో లెవల్‌కు వత్తవా? నువ్వు దీపం వెట్టు. నేను దాని పక్కన మీటరు వెడత."

"నువ్వు నా పక్కన గూసుంటవా, నిలవడి ఉంటవా?" అని అడిగింది.

కూసుంట అన్నాను.

దిగిన 92వ రోజు

ఒకటి: 20.5, 20.4. రెండు: 20.1, 18.6.

రెండు రోజులుగా గది తర్వాత గది తిరిగాం; ఇవాళ పొద్దున సైరన్ మోగించినా లేచినవాళ్లు లేరు. ఒక్కో గదికి గంట. ఓదెలన్నను ఇద్దరు కుర్చీలో మోసుకొచ్చారు. ఆయన చాయ అడిగేవాడు, ఇంటివాళ్లు పోసేవారు. ఏం చూశారో నేను అడిగేదాన్ని. కొమురవ్వ నేల మీద ప్రమిద పెట్టేది. నేను బోర్లా పడుకున్నట్టు వంగి మీటరు పెట్టేదాన్ని. ఒకటి రెండు గదుల్లో మేం చూస్తుండగానే ఒత్తి కుంచించుకుపోయింది, అంకె పద్దెనిమిది దాటి కిందికి జారింది. ప్రమిదను మంచం మీదికి ఎత్తితే మళ్లీ లేచింది, అంకె కూడా లేచింది. ఇంటివాళ్లనే ఎత్తమన్నాను, దించమన్నాను. కొందరు పదిసార్లు ఎత్తి దించారు. ఒకామె పిల్లను దీపం పక్కన పడుకోబెట్టబోయి మధ్యలోనే ఆగిపోయింది.

"తల్లి లేవమంటాంది, లేవున్రి" అని కొమురవ్వ అంది. నేను మీటరులో అంకె చదివాను. ఆమె మాటకు నేను అడ్డు చెప్పలేదు, నా అంకెకు ఆమె అడ్డు చెప్పలేదు. ఎక్కువమంది లేచింది ఆమె మాటకే. అది నాకు నచ్చలేదు. ఇంకో గది, ఇంకో గంట దొరికితే అంకె అర్థమయ్యేలా చెప్పగలనని ఇప్పటికీ నా నమ్మకం. కానీ మూడు రోజుల గడువులో నూట ఎనభై మంది లేవాలి.

నర్సింగం రెండో లెవల్లో సర్దుకున్న గది అన్నిటికన్నా ఆఖరున మిగిలింది. తలుపుకు అడ్డం నిలబడ్డాడు. "మొక్కుతవా ఇప్పుడు?" అన్నాడు.

నేను వంగి గడప దగ్గర నేల మీద మీటరు పెట్టాను. 17.9. అతను ఆ అంకె చూశాడు. "మా తమ్ముడు పండ్డ కాడ ఎంతుండే?" అని అడిగాడు. తొమ్మిదిన్నర లోపే అన్నాను. మొహం కప్పుకుని కూలబడ్డాడు. సాయంత్రానికి భార్యాబిడ్డలను తీసుకుని పైకి వెళ్లాడు.

దిగిన 93వ రోజు

ఒకటి: 20.3, 20.1. రెండో లెవల్ ఖాళీ. మధ్యాహ్నం రెండింటికి పైన 19.3, కింద 8.1.

ఎవరూ పోలేదు. మెట్ల మీద ఒకరి కాళ్లు ఒకరి మీద వేసుకుని అందరూ నిద్రపోయారు. లింగమూర్తి వచ్చి సంఘం నన్ను పని నుంచి తీసేయడం లేదని చెప్పాడు. ఇంకెవరికీ ఈ పని రాదట. అది శిక్షో దయో నాకు అర్థం కాలేదు.

దిగిన 94వ రోజు

ఒకటి: 20.6, 20.6. రెండు: 20.0, 19.1. మూడు: 19.8, 15.3. కిందివన్నీ వంగి చూసినవే.

ఇవాళ మా బావ దగ్గరికి వెళ్లాను. అక్క పోయాక ఒంటరిగా ఎదురుపడటం ఇదే మొదటిసారి. మెట్ల మూల పాపను ఒళ్లో వేసుకుని గంజి తాగిస్తున్నాడు. నేను ఎదురుగా కూర్చున్నాను. ఆ రెండు రోజులూ గది గదిలో అడిగిన ప్రశ్నే అడిగాను.

"అక్క ఏమన్న జూసిందా, బావా?"

ఆయన చెంచా పక్కన పెట్టాడు.

"కోడి సచ్చింది" అన్నాడు. "మూలకు గంప కింద ఉండేది గదా, అది. మొదటి ముసురు వట్టిన దినమే. ఆనాటి సందే రోజు లేవంగనే తల పలుగుతాందనేది. పంటె ఎక్కువైతాందట, నిలవడితె తక్కువైతాందట. ఏందో నేల కాడ ఉన్నదయ్యా అని నాతోని నాలుగుసార్లు అన్నది."

మొదటి ముసురు పట్టింది డెబ్బై తొమ్మిదో రోజు. ఆమె పోయింది ఎనభై ఎనిమిది. తొమ్మిది రోజులు. మీటరు లేకుండా, పుస్తకం లేకుండా మా అక్క మొత్తం కనిపెట్టేసింది. నేల దగ్గరే ఉందని కూడా చెప్పింది.

"నాకెందుకు జెప్పలె బావా?"

"పోయి సుగుణకు జెప్పు అన్న. వద్దన్నది." ఆయన పాప మూతి తుడిచాడు. నా వైపు చూడలేదు. "పంటె తలనొత్తదట, లేస్తె పోతదట అని రేపు మైకుల నా గొంతు వెట్టి అంటది మా చెల్లె. మందంత నవ్వుతరు. రేపు పిల్ల పెద్దగైనా గదే యాది జేత్తరు. నాకు తలనొప్పే నయం, అన్నది."

సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది, చావడం కూడా నాకు ఎక్కువే అనిపించింది. పాప నా వేలు పట్టుకుని లాగింది. అక్క గొంతు పెట్టి దాన్ని పిలుద్దామని నోరు తెరిచాను. నాకు ఎవరి గొంతయినా వస్తుంది, అక్క గొంతు చిన్నప్పటి నుంచీ వచ్చు. పిలవలేకపోయాను.

ఫిర్యాదుల పుస్తకంలో ఇవాళ నేనే ఒక వరస రాశాను. అదే ఇక్కడ కూడా రాస్తున్నాను.

దిగిన 79వ రోజు పరిశీలన. చూసిన మనిషి: స్వరూప, మూడో లెవల్, ఎనిమిదో గది. గంప కింద కోడి చచ్చింది. పడుకుంటే తలనొప్పి, నిలబడితే తగ్గుతోంది. కారణం నేల దగ్గర ఉందని అనుమానం. అనుమానం సరైనదే. గాలి చూసే మనిషికి పదిహేను రోజులు ఆలస్యంగా అందింది. ఆలస్యానికి కారణం: గాలి చూసే మనిషి నవ్వుతుందని భయం.